భయమునకు స్థలాన్వేషణము

చలనచిత్ర విద్య నభ్యసించుచున్న మా మేనల్లుడు, తన బృందముతో తీయదలచిన థ్రిల్లరునకు తొలి దృశ్యము నెచ్చట నారంభింపవలెనను మహాసమస్యను విశాఖపట్టణమందలి మా యింటికి తెచ్చి, అన్నపానాదులను సైతము వెనుకకు నెట్టివేసెను. శ్మశానము, పాడుబడిన బంగళా, అర్ధరాత్రి సముద్రతీరము, వీనిని మించిన భయస్థానము భూమండలమున లేదని ఆ బాలుర దృఢవిశ్వాసము. లొకేషన్ల వేటకు కారు నాది, పెట్రోలు నాది. కనుకనే కాబోలు, సలహా చెప్పు నధికారము మాత్రము నాకు లేకపోయెను.

మొదట భీమునిపట్టణమున డచ్చివారి సమాధులకు పోతిమి. సముద్రములు దాటివచ్చి పదునేడవ శతాబ్దమున ఇచ్చట వర్తకము నెలకొల్పిన వారి శాశ్వతనిద్రా స్థలమున, పట్టుచీర గట్టిన కాబోయే వధువును, కూలింగు గ్లాసులు పెట్టిన కాబోయే వరుని, "అన్నా, కొంచెం దగ్గరగా, నవ్వండి" యని వేడుకొనుచున్న ఫొటోగ్రాఫరును గాంచి, మా దర్శకుని భయానకరసము శృంగారమునకు దారి యిచ్చి తొలగెను. రాత్రి బీచిరోడ్డున కెరటముల హోరులో మాట వినబడదయ్యె, వినబడినదెల్ల "ఏం షూటింగండీ, హీరో ఎవరండీ?" యను ముంతమసాలా బండివాని కుతూహలమే.

చీకటిలో భయమునకు ప్రేక్షకుడు ముందే సిద్ధపడి కూర్చుండును; వానిని పట్టుకొనవలసినది పట్టపగలు. హిచ్‌కాక్ 1960లో ‘సైకో’ నారంభించినది శ్మశానమున గాదు. ఫీనిక్సు నగరము, శుక్రవారము, డిసెంబరు 11, మధ్యాహ్నము 2 గంటల 43 నిముషములని తెరపై వ్రాసి చూపి, యెండలో మేడలను తీరికగా పరికించి, సగము దించిన కిటికీ తెర క్రిందుగా ఒక హోటలు గదిలోనికి కెమెరాను జొనిపెను. మన యిండ్లలో అది కునుకుపాటు వేళ! అంతకు పూర్వము 1931లో జర్మనీ దేశమున ఫ్రిట్జ్ లాంగ్ ‘ఎం’ చిత్రమును పెరటిలో పిల్లల ఆటపాటతో మొదలిడెను. పాటలో హంతకుడున్నాడు, అది పాడవద్దని పైనుండి ఒక యిల్లాలు కసరుచున్నది, అంతియే.

ఇదంతయు విని మేనల్లుడు, "అది వాళ్ళకి చెల్లింది మామయ్యా. మనకి మూడ్ ఉండాలి కదా" యని పెదవి విరిచెను.

ఆ మూడ్ మా అపార్టుమెంటు మెట్ల క్రిందనే దొరికినది. మా ఫ్లాటున కరెంటు పోగా మీటర్ల గదికి దిగితిమి. చక్రమూడిన పిల్లల సైకిలు, ఎండిన రంగు డబ్బాలు, వినాయకచవితి పందిరి గుంజలు. గోడమీద మీటర్ల బారు, ఒక్కొక్కదానికి ఒక ఎర్రదీపము. కరెంటు వాడకము హెచ్చినకొలది ఆ దీపము త్వరత్వరగా మినుకుమనును. ఇంటివారు అమెరికాకు పోగా తాళము పడియున్న 304వ ఫ్లాటు మీటరు, లోపల ఏసీ నడుచుచున్నట్లు ఎడతెగక మినుకుమినుకుమనుచుండెను.

"మామయ్యా, లోపల ఎవరో ఉన్నారు" అనెను మేనల్లుడు గుసగుసగా. ఏ గీజరో ఆపుట మరచిపోయి యుందురని నోటిదాక వచ్చినను, కళాసేవకై మ్రింగుకొంటిని.

అనుమతికై అసోసియేషను సెక్రటరీగారి కడకేగితిమి. భవనము పేరు తెరమీద పడెనేని అద్దెలు పడిపోవునని ఆయన మొదట సుతరాము ఒప్పుకొనలేదు. పిమ్మట, ఏ ఫ్లాటని విచారించి, మెయింటెనెన్సు పుస్తకము తిరగవేసి, ముఖము వికసింపగా ననిరి: "304 వాళ్ళా? ఏడాదిగా పైసా కట్టలేదు. అక్కడ ఎంతమందిని చంపుకున్నా నాకు అభ్యంతరం లేదు బాబూ."