మంచు కురవని ఊళ్లో వసంత సేద్యం

హైదరాబాదులో ఫిబ్రవరి చివరి వారం వచ్చిందంటే కొందరు గృహస్థులకు రైతు పూనుతాడు. వడియాలు పెట్టే రోజుల్లో కూడా మిద్దె మెట్లెక్కి ఎరగని మనిషి కొలత టేపు పట్టుకుని పైకి వెళతాడు. నీళ్ల ట్యాంకు పక్కన ఎంత జాగా ఉందో కొలుస్తాడు. దిగి వచ్చి, ఇక ఈ ఇంట్లోకి బయటి కూరగాయ రాదని ప్రకటిస్తాడు. ఇల్లాలు తలెత్తి ఒకసారి చూసి, సాయంత్రానికి కొత్తిమీర కట్ట మాత్రం మరిచిపోవద్దంటుంది. ప్రకటన ప్రకటనే, పప్పు పప్పే.

మర్నాటి నుంచి సరంజామా దిగుతుంది. గ్రో బ్యాగులు, వర్మీ కంపోస్టు, వేపపిండి, చేతికి మట్టి అంటకుండా పూల డిజైను గ్లౌజులు. మట్టి అంటకూడదనుకునే వాడికి సేద్యమెందుకని అడిగితే మనం పాతకాలపు వాళ్లమవుతాం. వీటన్నిటి మధ్య సింహాసనం కోకోపీట్ ఇటుకది. కోనసీమలో పీచు మిల్లుల వెనక గుట్టలుగా పడి ఉండే కొబ్బరి పొట్టును ఒత్తి, ఇటుక చేసి, ప్లాస్టిక్ చుట్టి నగరానికి పంపితే ఇక్కడ దానికి భోగం పడుతుంది. ఐదు కిలోల ఇటుకను నీళ్లలో వేస్తే దాదాపు 70 లీటర్ల పొట్టుగా పొంగుతుంది. అది పొంగడం చూసి ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడతారు. ఆ పొట్టులో ఉప్పు ఉంటుందనీ, రెండు మూడు నీళ్లకు కడిగి పిండాలనీ ఇటుక మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది గానీ, పొంగేటప్పుడు చదివే తీరిక ఎవరికి?

ఇక విత్తనాలు. టమాటా, క్యాప్సికమ్, క్యారెట్, పాలకూర, లెట్యూస్, బ్రోకలీ. 'రసాయనాల్లేని తిండి' కోసం బయలుదేరిన ఈ మహానుభావుడు హైబ్రిడ్ టమాటా పొట్లం చించితే గింజలు చక్కటి గులాబీ రంగులో ఉంటాయి. దేవుడు టమాటా గింజకు గులాబీ రంగు వేయలేదు. అది థైరమ్ వంటి శిలీంధ్రనాశిని పూసిన గుర్తు, తినేయకుండా చేసిన హెచ్చరిక. ఆ పొట్లాన్నే పసుపు కుంకుమలతో సేంద్రియ యజ్ఞంలో మొదటి ఆహుతిగా వేస్తారు.

నా తగువు వీటితో కాదు. డబ్బు ఆయనది, మిద్దె ఆయనది, కాకపోతే అపార్ట్‌మెంటు సంఘానిది. నా తగువు ముహూర్తంతో. మార్చిలోనే ఎందుకు మొదలుపెట్టాలి? అడిగితే వచ్చే జవాబు ఒకటే: వసంతం కదండీ, ప్రకృతి మేల్కొనే కాలం!

ఎవరి ప్రకృతి? లండన్‌లో శీతాకాలమంతా నేల చల్లబడి ఉంటుంది, గింజ వేస్తే కుళ్లుతుంది. అక్కడివాళ్లు మార్చిలో కిటికీ దగ్గర నారు పోసుకుని, ఆఖరి మంచు పోయేదాకా గోళ్లు కొరుక్కుంటూ ఆగి, మే నెలలో మొక్కను బయట పెడతారు. వాళ్లకు అది బతుకు లెక్క. అక్కడ జూలై మధ్యాహ్నం సగటున 24 డిగ్రీలు. హైదరాబాదులో జనవరి మధ్యాహ్నమే 28 దాటుతుంది. అంటే మనం స్వెట్టర్లు వేసుకుని వణుకుతున్నామనుకునే నెల, వాళ్ల నడివేసవి కంటే వెచ్చన. వాళ్ల టమాటా కోరుకునే కాలం మనకు అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉచితంగా దొరికింది. దాన్ని దసరా సెలవులకు, క్రిస్మస్ సెలవులకు, సంక్రాంతి ప్రయాణాలకు ఖర్చుపెట్టేసి, సరిగ్గా అది అయిపోయిన వారం టేపు తీసుకుని మిద్దె ఎక్కుతాం.

ఢిల్లీవాళ్లను కూడా తప్పుపట్టలేం. డిసెంబరు, జనవరి పొగమంచులో వాళ్లకు బెండ మొలవదు, సొర మొలవదు. ఫిబ్రవరిలో సూర్యుడు కనబడగానే విత్తడం వాళ్లకు సబబే. వాళ్లు పెట్టిన హిందీ వీడియో చూసి కూకట్‌పల్లిలో విత్తేవాడికి మాత్రం మూడు నెలల్లో రోహిణి కార్తె ఎదురొస్తుంది. రోళ్లు పగిలే కార్తెలో లెట్యూస్ ఆకు ఏమవుతుందో మన పెద్దలు సామెత చేయలేదు. వాళ్లకు అంత పిచ్చి ఆలోచన రాలేదు.

టమాటా సంగతే చూద్దాం, ఎందుకంటే కొత్త తోటమాలి మొదటి ప్రేమ అదే. మార్చిలో వేసిన నారు ఏప్రిల్ చివరకు పూతకొస్తుంది. ఫొటోలు తీస్తారు, బంధువుల గ్రూపులో పెడతారు, పెద్దత్తయ్య గారు నమస్కారం బొమ్మ పంపుతారు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25 దగ్గరే ఆగిపోతే టమాటా పుప్పొడి సత్తువ కోల్పోతుంది. పిందె కట్టదు, పూత రాలిపోతుంది. మే నెలలో హైదరాబాదు పగలు సగటున 39 దగ్గర, రాత్రి 26 దగ్గర ఉంటుంది. ఇందులో మొక్క తప్పు లేదు, మనిషి చేతివాసి తప్పు లేదు, మిద్దెకు వాస్తుదోషం అంతకన్నా లేదు. అయినా పూత రాలగానే వైద్యం మొదలవుతుంది. పుల్ల మజ్జిగలో ఇంగువ కలిపి చల్లమని ఒకరు, రాగి చెంబులో పులియబెట్టమని ఇంకొకరు. 40 డిగ్రీల ఎండకు ఇంగువ విరుగుడైతే మే నెలలో మనమంతా నెత్తికి ఇంగువ రాసుకుని తిరగొచ్చు, ఏసీలు అమ్మేసుకోవచ్చు.

ఇంతకీ ఆ నెలల్లో నగరానికి టమాటా ఎక్కడి నుంచి వస్తుంది? ఎక్కువ భాగం మదనపల్లె నుంచి. అక్కడి నేల దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, పక్కనే హార్స్‌లీ కొండలున్నాయి, ఎండ కాస్త ఓర్చుకోగలిగేలా ఉంటుంది. తరతరాలుగా పంట పండించే తెలంగాణ రైతే మే నెల టమాటాను మదనపల్లెకు వదిలేసి ఊరుకున్నాడు. ఆయన వదిలేసిన పంటను మన సాఫ్ట్‌వేరు ఉద్యోగి శనివారం మధ్యాహ్నాల్లో పండిస్తానంటాడు.

వంటింటి రసవాదం ఇంకో అధ్యాయం. కోడిగుడ్డు పెంకులు పొడి చేసి వేస్తే కాల్షియం అంటారు. పెంకులో ఉన్నది కాల్షియం కార్బొనేటు, ఆమ్లత్వం లేని మట్టిలో కరగడానికి ఏళ్లు తీసుకుంటుంది. అసలు నగరంలో చాలా చోట్ల బోరు నీళ్లు కుళాయి చుట్టూ, బకెట్ అంచున తెల్లటి గార కట్టించేవే. ఆ గారలో ముఖ్యంగా ఉన్నది ఏమిటనుకున్నారు? కాల్షియమే. దాన్ని రోజూ మగ్గులతో పోస్తూ, కాల్షియం చాలదని ఇంటింటా గుడ్డు పెంకులు అడుక్కునే మనిషిని ఏమనాలి?

టమాటా అడుగు నల్లబడడం చాలాసార్లు మట్టిలో కాల్షియం లేక వచ్చేది కాదు. నీరు ఒక రోజు ముంచి, మూడు రోజులు ఎండబెట్టడం వల్ల మొక్క దాన్ని కాయ దాకా మోసుకెళ్లలేకపోతుంది. తోటమాలి గారు శని, ఆదివారాలు అత్తారింటికి వెళ్లి సోమవారం రాత్రి బకెట్లు కుమ్మరిస్తే ఆ లోటును ఏ గుడ్డూ పూడ్చదు. ఇది చాలదన్నట్టు ఎప్సమ్ సాల్ట్ వేస్తారు. అది మెగ్నీషియం సల్ఫేటు. మెగ్నీషియం తక్కువైన మట్టికి మందే, ఎక్కువైతే మాత్రం మొక్క కాల్షియం పీల్చుకోవడానికి అడ్డు పడుతుంది. అంటే నల్లబడిన కాయను బాగు చేసేందుకు, పక్క కాయను కూడా నల్లబరిచే మందు. అరటి తొక్కల నీళ్ల గురించి ఎక్కువ చెప్పను. తొక్కను కుళ్లబెట్టి ఎరువు చేస్తే మంచిదే, మూడు రోజులు సీసాలో నానబెడితే మట్టికి కొంచెం పొటాషియం, ఇంటికి బోలెడు దోమలు.

జీవామృతం మాత్రం వదలలేను. సుభాష్ పాలేకర్ గారు రైతులకు చెప్పిన పద్ధతి అది: పది కిలోల ఆవు పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి, 200 లీటర్ల నీళ్లు. ఎకరానికి సరిపోతుంది. రైతు ఇంట్లో పేడకు కొరత లేదు, అడగాల్సిన అవసరమూ లేదు. నగరంలో ఆ పేడ పిడకల రూపంలో అట్టపెట్టెలో, గోమూత్రం సీసాలో, రెండూ డెలివరీ కుర్రాడి వీపు మీద ఐదో అంతస్తుకు వస్తాయి. ఎకరం అంటే 4,840 గజాలు. ఈయన కుండీలన్నీ ఒకచోట చేరిస్తే పది గజాలు. లెక్క కట్టి చూడండి, కావాల్సింది సుమారు 400 మిల్లీలీటర్లు, అంటే కూల్‌డ్రింక్ సీసాకు తక్కువ. ఈయన డ్రమ్ము నిండా కలుపుతాడు. ఆ వారం రోజులు లిఫ్టులో జనం ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకుంటారు.

ఎండ కూడా ఉచితమే కాబట్టి అందరూ ఉదారంగా ఇస్తారు. 'రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటల ఎండ' అని పొట్లం మీద ఉంది. అది ఏ దేశపు ఎండో పొట్లం చెప్పదు. మన మిద్దె మీద ఏప్రిల్ మధ్యాహ్నం నల్ల ప్లాస్టిక్ కుండీ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటుంది, లోపల వేరు ఉడుకుతుంది. ట్యాంకులోంచి పైపు పడితే మొదట వచ్చే నీళ్లతో స్నానం చేయొచ్చు, మొక్కకు పోయకూడదు. ఆకుపచ్చ నీడ వల కట్టాలని అప్పుడు తెలుస్తుంది, దానికి ఇనుప స్తంభాలు, స్తంభాలకు వెల్డింగు మనిషి. ఆ స్తంభాలకు శ్లాబులో వేసిన కన్నాలు వానాకాలంలో కింది ఇంటివాళ్ల పడకగది పైకప్పు మీద మచ్చలుగా పరిచయమవుతాయి. బరువు సంగతి చెబితే ఎవరూ నమ్మరు. మనుషులు తిరిగే చదును మిద్దెకు మన భవన ప్రమాణం ఐఎస్ 875 లెక్కలో పెట్టే బరువు చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. అదే చదరపు మీటరులో మడి కట్టి అడుగు లోతున తడి మట్టి నింపితే 500 కిలోల దగ్గరికి పోతుంది. బోరు ఎండి ట్యాంకర్ తెప్పించుకునే ఏప్రిల్‌లో ఆ మడికి ఎన్ని బకెట్లో సంఘం కార్యదర్శి అడిగితే, పచ్చదనానికి శత్రువంటూ ఆయన మీద పడతారు.

మిద్దె తోటే తప్పని నేనడం లేదు. కథా రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు నారపల్లిలో తమ ఇంటి మిద్దె మీద ఏళ్ల తరబడి ఇంటికి సరిపడా కూరలు పండించారు, దాని మీద పుస్తకం రాశారు, ఎందరికో దారి చూపారు. అది ఏడాది పొడవునా రోజూ చేసిన పని. మన వసంత రైతు చూసేది ఆ పుస్తకం అట్ట మీద బొమ్మను.

మన దగ్గర వసంతం చెట్ల పండగ. ఆకు రాల్చిన మోదుగ ఎర్రబడుతుంది, వేప పూస్తుంది, మామిడికి పిందెలు దిగుతాయి. ఉగాది పచ్చడిలోకి వేపపువ్వు, మామిడికాయ చెట్టు మీంచి కోసుకొస్తాం. ఆ రోజున ఎవరూ గింజ పట్టుకుని పొలం వెళ్లరు. విత్తడానికి మన పంచాంగం జ్యేష్ఠ పున్నమి నాడు ఏరువాక పెట్టింది, మృగశిర కార్తె పెట్టింది. మృగశిర వచ్చేది జూన్ ఏడో ఎనిమిదో తారీఖున.  ఆ వారంలో తొలకరి పడి మట్టి చల్లబడుతుంది, గింజ అడక్కుండానే మొలుస్తుంది. సరిగ్గా ఆ వారమే అపార్ట్‌మెంటు గ్రూపులో ప్రకటన కనబడుతుంది: 'గ్రో బ్యాగులు, నీడ వల, సగం డ్రమ్ము జీవామృతం, చవగ్గా. కొత్తవాటితో సమానం.'

అప్పటిదాకా ఆగలేం, చెయ్యి దురద పెడుతోందంటారా? మార్చిలోనూ పని ఉంది. తోటకూర చల్లండి, నెల తిరక్కుండా కోసుకోవచ్చు. గోంగూర, బచ్చలి తీగ, గోరుచిక్కుడు, బెండ వేయండి. సాయంత్రం నీళ్లు పోసి, మధ్యాహ్నం కాస్త నీడ పెడితే ఇవి మన ఎండను లెక్కచేయవు. పెరట్లో మన అమ్మమ్మలు ఏ వీడియో చూడకుండా పండించినవే. తోటకూర ఫొటోకు బాగుండదంటారా, అది మాత్రం నిజమే. దానికీ ఉపాయముంది: నర్సరీలో నిండా కాయలున్న మిరప మొక్క కుండీతో సహా అమ్ముతారు. తెచ్చి మిద్దె మీద పెట్టి ఫొటో తీసుకోండి. గ్రూపులో అందరూ మెచ్చుకున్నాక ఆ కాయలు కోసి బజ్జీలు వేయించండి, మార్కెట్ నుంచి కొన్న తోటకూరతో పప్పు చేయించండి.