‘పోలింగ్ ప్రశాంతం’: హాలియా వ్యాఖ్య

మూలం: చెదురుమదురు ఘటనలు మినహా పోలింగ్ ప్రశాంతం.

టీక: ‘పోలింగ్’ సుగమం. 2018 డిసెంబరు నుంచి 2023 నవంబరు దాకా అయిదేళ్లలోపే మూడుసార్లు అసెంబ్లీకి ఓటేసిన నాగార్జునసాగర్ నియోజకవర్గపు హాలియాలో దానికి అర్థం చెప్పబోతే నవ్వుతారు.

‘ప్రశాంతం’: ‘శమ్’ ధాతువుకు క్త ప్రత్యయం, ముందు ‘ప్ర’. బాగా అణగినది. అణగాలంటే ముందు ఏదో రేగి ఉండాలి. అదేమిటో మూలంలో లేదు.

ఇక్కడొక చర్చ: అసలు శాంతం రసమేనా? భరతుడు చెప్పినవి ఎనిమిది రసాలేనని ఒక పక్షం. ఉద్భటుడు శాంతాన్ని తొమ్మిదోదిగా చేర్చాడు. కదలికే లేనిదాన్ని నటుడెలా ఆడతాడని కాబోలు, ధనంజయుడు దశరూపకంలో నాటకానికి అది పనికిరాదన్నాడు. ఆయన ఎన్నికల సాయంత్రం అధికారుల విలేఖరుల సమావేశం చూడలేదు. శాంతానికి స్థాయీభావం నిర్వేదమని మమ్మటుడు, తత్త్వజ్ఞానమని అభినవగుప్తుడు. ఎండలో వరుస కట్టిన ఓటరును అడిగితే ఇద్దరూ నిజమే చెప్పారంటాడు: నిర్వేదం బూత్ దగ్గర, తత్త్వజ్ఞానం ఫలితాలయ్యాక. మూలంలో లేనిది రాయనని మెతుకుసీమ కొల్చారం వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ. మన మూలకారుడు అంతకన్నా నిష్ఠాపరుడు, జరిగింది కూడా రాయడు.

ఉదాహరణ: కరోనా రెండో విడత ఊళ్లను చుట్టేస్తుండగా 2021 ఏప్రిల్ 14న హాలియాలో ముఖ్యమంత్రి కేసీఆర్ బహిరంగ సభ. 17న నాగార్జునసాగర్ ఉప ఎన్నిక పోలింగ్. 19న ముఖ్యమంత్రికే పాజిటివ్. ఆయన సంగతి పత్రికలన్నీ రాశాయి. సభలో భుజం భుజం రాసుకుని నిలబడ్డ జనానికి ఏమైందో రాయడానికి ‘ప్రశాంతం’లో చోటు లేదు.

మరొకటి: 2023 నవంబరు 30, అసెంబ్లీ పోలింగ్ రోజు. తెల్లారేసరికి ఆంధ్ర పోలీసులు సాగర్ డ్యామ్ మీద ఉన్నారు. 26 గేట్లలో 13వ గేటు దాకా తమదంటూ ముళ్లకంచె వేశారు, కుడి కాలువకు నీళ్లు వదిలారు. అవతల తెలంగాణ పోలీసులు. ఎడమ కాలువ కింద వరి వేసే రైతు ఆ పొద్దే వేలికి సిరా పూయించుకోవాలి. కాలువకు నీళ్లొస్తాయా రావా అన్నది అతని దిగులు. డ్యామ్ పోలింగ్ కేంద్రం కాదు కనుక శాస్త్రరీత్యా దోషం లేదు.

‘మినహా’: కచేరీ లెక్కల్లోంచి వచ్చిన ఉర్దూ మాట, తీసివేత. ఏ ఊరు, ఎవరు, ఎందరు, కేసు పెట్టారా లేదా, ఇవన్నీ ఇందులోకే పోతాయి. ఒక్క వాక్యం అదనంగా రాస్తే తెలిసిపోయే సంగతులివి. ఎవరూ రాయరు.

‘చెదురుమదురు’: జంటపదం. జాబితాలో పేరు గల్లంతై, ఆటోకు డబ్బులిచ్చుకుని వెనక్కి పోయిన ముసలమ్మ చెదురు కిందికి వస్తుందో, మదురు కిందికి వస్తుందో పూర్వ వ్యాఖ్యాతలెవరూ తేల్చలేదు.