రెండో చరణం కనబడుట లేదు

పేరు: చరణం. వయసు: త్యాగయ్య కంటే పెద్దది. చివరిసారి కనిపించినప్పుడు ఇద్దరు ముగ్గురు తోబుట్టువులతో కలిసి, పల్లవి వెనకాలే బుద్ధిగా నడుస్తూ ఉంది. ఒక్కో చరణానికి ఒక్కో కొత్త ముచ్చట చెప్పే అలవాటు ఉంది. మాట్లాడితే అర్థమవుతుంది, ఇదే ప్రధాన ఆనవాలు. ఆచూకీ చెప్పిన వారికి తగిన పారితోషికం ఇవ్వబడును.

ఈ ప్రకటన ఏ స్టేషన్‌లో ఇవ్వాలన్నదే తేలడం లేదు. తప్పిపోయింది ఫిలింనగర్‌లో, వెతుక్కుంటున్నది వనపర్తి దగ్గర మా పాన్‌గల్‌లో. హద్దు మాది కాదంటే మాది కాదని రెండు చోట్లా తిప్పి పంపిస్తారు.

ఈ రోజుల్లో పాటకు జరిగినంత వైభవంగా పురుడు ఎవరికీ జరగదు. పాట ఎప్పుడొస్తుందో ఫలానా రోజు చెబుతామని ముందు ఒక ప్రకటన. ఆ రోజు పోస్టర్. పోస్టర్ తర్వాత ప్రోమో, ప్రోమోలో పల్లవిలో సగం. ఆ పైన ‘ఫస్ట్ సింగిల్’ పేరుతో లిరికల్ వీడియో, అందులో అక్షరాలు హీరో కంటే ఎక్కువగా గెంతుతుంటాయి. ఇరవై నాలుగు గంటల్లో ఎన్ని మిలియన్ల మంది చూశారో చెప్పే ఇంకో పోస్టర్. బారసాల, అన్నప్రాశన, అక్షరాభ్యాసం వరసగా అయిపోయి, చుట్టాలంతా భోంచేసి వెళ్లాక ఉయ్యాలలోకి తొంగి చూస్తే, బిడ్డకు మొహం ఒక్కటే ఉంది. కాళ్లూ చేతులూ సీక్వెల్‌లో వస్తాయట.

తప్పు సినిమా వాళ్లది కాదు. కొలత మారింది. పాటను ఇప్పుడు కొలిచేది రీలుతో. అర నిమిషంలో నడుము ఎన్నిసార్లు ఊగుతుందో లెక్కగట్టి, అంతకు సరిపడా బాణీ కట్టి, ఆ బాణీకి సరిపడా మాటలు తెప్పిస్తారు. మాట దొరక్కపోతే శబ్దం. శబ్దం కూడా దొరక్కపోతే హీరో పేరు. మిగిలిన మూడు నిమిషాలు ఎందుకున్నాయో సంగీత దర్శకుడికీ తెలియదు, ఎడిటర్‌కు మాత్రం తెలుసు, కత్తిరించడానికి.

మా దిక్కు పెళ్లి బరాత్‌లో డీజే బండి మీద కూర్చున్న తమ్ముణ్ని అడిగాను, ఒక్క పాటైనా చివరిదాకా ఎందుకు వేయవని. నన్ను జాలిగా చూశాడు.

“అన్నా, చరణమొస్తే పోరగాండ్లు కూసుంటరు. కూసున్నోళ్లు మల్ల లేస్తరా?”

“మరి పల్లవే మళ్లీ మళ్లీ వేస్తున్నావు కదా?”

“పల్లవి గాదన్నా, గది బేస్. నువ్వు చెవుతోని వింటున్నవ్, గాళ్లు ఛాతీతోని వింటుండ్రు.”

సినిమా సంగీతం మీద ఇంత నిక్కచ్చి సమీక్ష ఈ మధ్య నేను చదవలేదు. చెవికి భాష కావాలి, ఛాతీకి అక్కర్లేదు. కవులు ఇంకా చెవులకే రాస్తున్నారేమో, పాపం.

చట్టం మాత్రం ఇప్పటికీ చెవి దగ్గరే ఆగింది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం జనం నివసించే చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్ మోగకూడదు, ప్రభుత్వం ప్రత్యేకంగా సడలించిన పండుగ రాత్రులు తప్ప. మా బరాత్‌లో 55 డెసిబెల్స్‌ను పెళ్లికూతురి మేనత్త ఒక్కతే దాటేయగలదు, బండితో పనిలేదు. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. నగరంలో అడ్డుకున్న శబ్దం ఎక్కడికి పోతుంది? రోడ్డు బాగుంటే వనపర్తి మీదుగా పాన్‌గల్ వస్తుంది. గుట్ట మీది కోట ఎన్నో దండయాత్రలు చూసింది, అప్పటివాళ్లు కనీసం సంధి చేసుకుని వెళ్లిపోయేవారు.

ఇక బూతు సంగతి. పాటలు చెడిపోయాయనగానే పెద్దమనుషులంతా మొదట పట్టుకునేది దాన్నే. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లోని అసభ్యమైన స్టెప్పుల మీద హెచ్చరిక జారీ చేసింది. చేయాల్సిందే. కాకపోతే నాది ఇంకో బాధ. నాట్లప్పుడు మడిలో మా అత్తలూ అమ్మలూ పాడుకున్న సరసం పాటలు వింటే కమిషన్ వారు కాదు, డాన్స్ మాస్టర్లే చెవులు మూసుకుంటారు. కానీ వాటిలో ఒక మరదలు ఉంటుంది, ఆమెకు నోరుంటుంది, బావ ఒకటంటే ఆమె రెండంటుంది, చివరికి గెలిచేది ఆమే. అంటే అందులో కథ ఉంది. ఇప్పటి ఐటం పాటలో అమ్మాయికి నడుము తప్ప నోరుండదు. నాకు బూతు మీద కంటే బద్ధకం మీదే ఎక్కువ కోపం.

బద్ధకం ఎంతదాకా వచ్చిందంటే, పాటకు ముడిసరుకు కూడా యూట్యూబ్‌లో దొరికిందే ఏరుకుంటున్నారు. హైదరాబాద్‌లో ఒక ముసలాయన ఇంటర్వ్యూలో కోపంతో అన్న మాట ఒకటి విని ఊరంతా నవ్వుకుంది. 2023 చివర్లో అదే ‘గుంటూరు కారం’లో పాటైంది, సంక్రాంతికి థియేటర్లు దద్దరిల్లాయి. మరుసటి ఏడు ‘డబుల్ ఇస్మార్ట్’ పాటలో మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ మాట వినిపించింది, దాని మీద గొడవ జరిగింది. ఇక రచయితలు నిఘంటువులు అటక మీద పెట్టి, టీ కొట్ల దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడితే చాలు. మా ఊళ్లో కూడా కోపం వచ్చే ముసలాయనలు చాలామంది ఉన్నారు. రేటు మాట్లాడుకుంటే పంపిస్తాం.

మా దగ్గరి నుంచి పట్టుకుపోయింది మాటలనే అయితే నవ్వి ఊరుకునేవాణ్ని. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట నుంచి దర్శనం మొగులయ్య కూడా వెళ్లాడు. పన్నెండు మెట్ల కిన్నెర ఆయన చేతిలో ఉంది. వెదురు కర్ర, ఎండిన సొరకాయ బుర్రలు, తేనెమైనం లాంటివే తప్ప పెద్ద ఖర్చు లేని వాద్యం. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టిన పండుగ సాయన్న కథ, పానుగంటి మియాసాబ్ కథ దాని మీదే బతికాయి. (ఆ పానుగంటి మా పాన్‌గలేనని నాకు గట్టి నమ్మకం. ఎవరికైనా అభ్యంతరముంటే గుట్టెక్కి వాదించండి.) ఇవి అర నిమిషం కథలు కావు. మొదలుపెడితే వినేవాడు ఇంట్లో చెప్పొచ్చి కూర్చోవాలి. ఒక చరణంలో సాయన్న దోచుకుంటాడు, ఇంకో చరణంలో పంచుతాడు, తర్వాతి చరణంలో పట్టుబడతాడు. చరణం తీసేస్తే సాయన్నే ఉండడు.

2021 సెప్టెంబరులో ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాట వచ్చింది. మొదట్లో మొగులయ్య గొంతు, కిన్నెర. విన్న రోజు మా పాలమూరు జిల్లాలన్నీ కాలరెగరేశాయి, నాతో సహా. ఆ తర్వాత బీట్ అందుకుంది, కిన్నెర తన దారిన తాను వెళ్లిపోయింది. హీరో రాకకు తలుపు తీసే పని అప్పజెప్పారు, తీసింది, పక్కకు నిలబడింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. 2024 మేలో అదే మొగులయ్య హైదరాబాద్ శివారు తుర్కయాంజల్‌లో భవన నిర్మాణ పనిలో దినకూలీగా కనిపించాడని పత్రికలు రాశాయి. రీలు చేసినవాళ్లకు మాత్రం ఆ బీట్ ఇప్పటికీ గుర్తుంది.

ప్రతి తరమూ ఇలాగే ఏడుస్తుందని, మా తాత రేడియోను తిట్టాడని, మా నాన్న డిస్కోను తిట్టాడని, నా వంతు వచ్చిందని మా అల్లుడు అంటాడు. నిజమే. కానీ వాళ్లిద్దరూ పాట మొత్తం విని తిట్టారు. నాకు ఆ అవకాశమైనా ఇవ్వమంటున్నాను.

పైగా చేతకాక కాదు. 2023లో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చిందంటే కాళ్లొక్కటే కారణం కాదు, చంద్రబోస్ అందులో పల్లెటూరి తిండీ ఆటా దాకా పేర్చి పెట్టాడు. అంతకు ముందు 2002లో ‘కుబుసం’ సినిమాలో వచ్చిన, తెలకపల్లి మండలం గౌరారం గోరటి వెంకన్న రాసిన పాటలో ఒక్కో చరణానికి ఒక్కో కులవృత్తి కూలిపోతూ కనిపిస్తుంది. ఆర్థికశాస్త్రం పుస్తకాలు ప్రపంచీకరణ గురించి చెప్పలేనిది, డప్పు మీద పాడుకోగలిగేలా చెప్పాడాయన. దాన్ని రీలు సైజుకు కత్తిరిస్తే ఏ కులం వాళ్లు తమ చరణం పోయిందని కేసు వేస్తారో!

ఊళ్లలో సొంతంగా పాటలు తీసి యూట్యూబ్‌లో పెడుతున్న కుర్రాళ్లను కూడా ఒక్క మాట మెచ్చుకోవాలి. 2025లో ఊళ్లన్నీ ఊపిన ‘రాను బొంబాయికి రాను’ ఆ దారిలో వచ్చిందే. బొంబాయి పేరెత్తితే పాలమూరు ముసలివాళ్లకు గుర్తొచ్చేది అర్ధరాత్రి వలస బస్సు, ఇప్పుడు అదే పేరుకు పెళ్లికొడుకు దోస్తులు ఎగురుతున్నారు. ఎగరనీ, బస్సెక్కడం కంటే నయమే. పెద్ద స్టూడియోల్లో ఖర్చు తగ్గించుకోవడానికి వదిలేసిన చరణాన్ని ఈ పిల్లలు ఖర్చు లేకుండానే రాసుకుంటున్నారు.

మూఢం పోగానే ముహూర్తాలు మొదలవుతాయి. డీజే బండికి అడ్వాన్స్ ఇచ్చే ముందు, మీ ఊరి డప్పు వాళ్లనో, లింగాల దిక్కున కిన్నెర తెలిసిన వాళ్లనో ఒకసారి రేటు అడిగి చూడండి. డీజేకు ఇచ్చేంత వాళ్లకూ ఇవ్వండి, బేరమాడకండి. కథ పూర్తిగా చెప్తారు. రాత్రి పదింటికి ఆపమంటే ఆపుతారు కూడా, పోలీసులు రావాల్సిన పని ఉండదు.