కొత్త దొరగారికి ఒక వేడి అర్జీ

కొత్తగా చార్జి తీసుకున్న ఆపరేటింగ్ సిస్టమ్ గారి దివ్య సముఖమునకు,

విషయం: తమరు కొలువుదీరిన నాటి నుంచి ల్యాప్‌టాప్ అడుగుభాగం అట్లపెనంలా కాలుతుండడం గురించి.

ఆర్యా,

అర్జీదారు బెజవాడలో ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పుకునే లెక్కల మాస్టారు. ఆయన ఆరేళ్ల నాటి ల్యాప్‌టాప్ ఈ ఏప్రిల్ ఆఖర్లో నత్తనడక పట్టింది. ప్రశ్నపత్రం తెరవమని నొక్కి, వంటింట్లోకి వెళ్లి కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చినా తెర మీద ఆ చక్రం తిరుగుతూనే ఉండేది. దీనికి మన వీధుల్లో వైద్యం ఒక్కటే: "ఫార్మాట్ కొట్టించెయ్యండి మాస్టారూ!" వైరస్‌కీ అదే, చార్జింగ్ ఎక్కకపోయినా అదే, తెర మీద గీతలు పడినా అదే. కొట్టించారు. పాత ప్రభువు సపరివారంగా తుడిచిపెట్టుకుపోయారు, తమరు గద్దెనెక్కారు.

ఆ సాయంత్రమే ఫ్యాను పిండిమర మోత మొదలుపెట్టింది. కీబోర్డు పై వరసలో వేలు పెడితే చురుక్కుమంది. "పాతదే నయం కదండీ, నెమ్మదిగా ఏడ్చినా ఒళ్లు కాల్చేది కాదు" అని మాస్టారి భార్య తీర్పు చెప్పేశారు. ఈ అర్జీ మొదటి చిత్తుప్రతి ఆ వేడిలోనే రాసింది. అందులోని తిట్లు తీసేసి, తర్వాత తెలిసొచ్చినవి చేర్చి, ఇప్పుడు సమర్పించుకుంటున్నారు.

మొదటి రోజు సంగతిలో తమరి తప్పు లేదని అర్జీదారు ఒప్పుకుంటున్నారు. కొత్త కాపురం పెట్టినవాళ్లు సామాను సర్దుకోవాలి. తమరు ఆ రోజంతా అప్‌డేట్లు దించుకుంటూ, ప్రతి ఫైలునూ వెతుకులాట కోసం జాబితాకెక్కిస్తూ, యాంటీవైరస్ చేత మూలమూలా సోదా చేయిస్తూ ఉన్నారు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో సీపీయూ అన్న శీర్షిక మీద క్లిక్ చేస్తే, ఎవరెంత తింటున్నారో పెద్ద నుంచి చిన్న వరకు వరసలో నిలబడతారు. అర్జీదారుకు అక్కడ పై రెండు స్థానాల్లో కనిపించినవి అప్‌డేట్, యాంటీవైరస్. ఈ ఇద్దరినీ ఆపడానికి ప్రయత్నించడం కంటే, చార్జర్ తగిలించి, యంత్రం నిద్రలోకి జారకుండా చూసి, చెక్క బల్ల మీద ఓ రాత్రి వదిలేయడం మేలు. వదిలేశారు. తెల్లారేసరికి మోత సగం తగ్గింది.

సగమే తగ్గింది. అసలు ఫిర్యాదు ఇక్కడ మొదలవుతుంది.

1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి ఏసీపీఐ అనే ప్రమాణాన్ని వెలువరించాయి. యంత్రం ఎంత వేడెక్కింది, ఎప్పుడు కరెంటు తగ్గించాలి, ఎవరిని నిద్రపుచ్చాలి అన్న పెత్తనం ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వచ్చేలా రాసుకున్న కరారునామా అది. పెత్తనం ఉంటే చాలదు, పని తెలిసిన సిబ్బంది కావాలి. ఆ సిబ్బందే డ్రైవర్లు. వీళ్లంతా పాత ప్రభువుతో పాటే పోయారు. తమరి వెంట వచ్చింది ఏ ఇంట్లోనైనా సర్దుకుపోగల అరువు మనుషులు. ఆ ఇంట్లో ఏ గది తలుపు ఎటు తెరుచుకుంటుందో వాళ్లకు తెలియదు.

గుర్తులు మొదటి రోజునే కనబడ్డాయి గానీ అర్జీదారు పట్టించుకోలేదు. అక్షరాలు ఉబ్బిపోయి ఉన్నాయి. తెర వెలుతురు తగ్గిద్దామంటే ఆ మీట కదలదు. అంటే గ్రాఫిక్స్ డ్రైవర్ లేదు, దాని కుర్చీలో ఎవరో తాత్కాలిక ఉద్యోగి కూర్చున్నాడు. వీడియో విప్పి చూపించడానికి గ్రాఫిక్స్ చిప్పులో ప్రత్యేకంగా ఒక భాగం ఉంటుంది. డ్రైవర్ లేకపోతే దాన్ని పిలిచేవాడు ఉండడు, ఆ చాకిరీ అంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. వంటింట్లో గ్రైండర్ పెట్టుకుని రోట్లో పిండి రుబ్బడం ఇదే. మాస్టారు ఒక పాత పాట పెట్టుకుంటే చాలు, ఘంటసాల గారి గొంతు ఫ్యాను హోరులో కొట్టుకుపోయేది.

దాంతో ఆయన ల్యాప్‌టాప్‌ను తిరగేసి, అడుగున ఉన్న మోడల్ నంబరు కాగితం మీద రాసుకుని, తయారీదారు సపోర్ట్ పేజీ నుంచే డ్రైవర్లు దించుకున్నారు. ముందు చిప్‌సెట్, తర్వాత గ్రాఫిక్స్, ఆ తర్వాత వేడినీ వాట్లనూ సర్దే డ్రైవర్. ఇంటెల్ యంత్రాల్లో ఈ మూడోది డైనమిక్ ట్యూనింగ్ పేరుతో ఉంటుంది. దాని పేరులో వేడి ఊసే లేదు కాబట్టి చాలామంది దాన్ని వదిలేస్తారు. అన్ని డ్రైవర్లూ ఒక్క నొక్కుతో వేస్తామనే ఉచిత సాఫ్ట్‌వేర్లు కూడా తారసపడ్డాయి. అడక్కుండా ఇంటికొచ్చి పెళ్లిసంబంధం చెప్పేవాళ్ల మీద ఉన్న అనుమానమే మాస్టారికి వాటి మీదా ఉంది.

పెద్ద సంస్థలకూ ఈ తిప్పలు తప్పలేదని మనవి. 2010లో సోనీ తన వయో ఎఫ్, సీ శ్రేణుల ల్యాప్‌టాప్‌లు 5 లక్షలకు పైగా అతిగా వేడెక్కే ప్రమాదం ఉందని ప్రకటించింది. మందుగా ఇచ్చింది ఫ్యాను కాదు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్. 2018 జూలైలో ఆపిల్ కొత్త మ్యాక్‌బుక్ ప్రోలు వేడికి తట్టుకోలేక వేగం తగ్గిపోతున్నాయని గోల లేచింది. వేడిని చూసుకునే ఫర్మ్‌వేర్‌లో ఒక డిజిటల్ తాళంచెవి లేకపోవడమే కారణమని చెప్పి, ఆ నెలలోనే సంస్థ అప్‌డేట్ పంపింది.

డ్రైవర్లు పడ్డాక రెండు రోజులు ఇంట్లో ప్రశాంతత. మూడో రోజు, ముప్పావుగంట పని చేశాక, మళ్లీ నత్తనడక. సరిగ్గా ఫార్మాట్ ముందు ఉన్న జబ్బే! అర్జీదారు టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వేగం చూశారు. 3.4 గిగాహెర్ట్జ్ దాకా పరిగెత్తగలిగినది ఒక గిగాహెర్ట్జ్ కూడా లేదు.

ప్రాసెసర్ అలా నీరసించడం రోగం కాదు, ప్రాణరక్షణ. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైట్ వాళ్లు నడుస్తున్న ప్రాసెసర్ల మీది, వేడిని లాగేసే హీట్‌సింక్ ఊడబీకి వీడియో తీశారు. పెంటియం 4 తన వేగం తగ్గించుకుని బతికింది. ఏఎండీ అథ్లాన్ పొగ కక్కి మాడిపోయింది. నేటి చిప్పులన్నీ ఆ మొదటిదాని దారే పట్టాయి. చాలావాటికి హద్దు 100 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది, అక్కడికి చేరగానే అవి చేతులెత్తేస్తాయి.

మరి డ్రైవర్లన్నీ ఉన్నాక కూడా ఆ హద్దుకు చేర్చిందెవరు? ల్యాప్‌టాప్‌ను మళ్లీ షాపుకు పట్టుకెళ్తే, అక్కడి కుర్రాడు అడుగు మూత విప్పి, "సార్, ఇటు చూడండి" అన్నాడు. ఫ్యానుకీ రాగి రేకులకీ మధ్య దుమ్ము, నలిగిన దూది పొరలా అట్టకట్టుకుని ఉంది. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండి బీటలు వారింది. ఆరేళ్లుగా గాలి దారి మూసుకుపోతూ వచ్చింది. దానికి ఎండాకాలం తోడయింది. ఆపిల్ తన ల్యాప్‌టాప్‌లకు సూచించే గది ఉష్ణోగ్రత 10 నుంచి 35 డిగ్రీలు. మే నెల బెజవాడ ఆ లెక్కలో ఎక్కడా లేదు. ఫ్యాను తోసేది గదిలోని గాలినే కదా, గది పది డిగ్రీలు పెరిగితే చిప్పూ ఇంచుమించు అంతే పెరుగుతుంది.

అంటే ఏప్రిల్‌లో మాస్టారు ఏ నత్తనడకను చూసి ఫార్మాట్ కొట్టించారో, ఆ నడక కూడా వేడి వల్ల వచ్చిందే. పాత ప్రభువును నిష్కారణంగా ఉరితీశారు. వారితో పాటు పదో తరగతి నమూనా ప్రశ్నపత్రాలు రెండేళ్లవి సహగమనం చేశాయి. బ్యాకప్ తీయలేదు. ఆ సంగతి ఈ అర్జీలో ఇంతకంటే రాయడం ఆయనకు ఇష్టం లేదు.

కనుక తమరి మీది అభియోగాల్లో మొదటి రోజు మోతనూ, మూడో రోజు నత్తనడకనూ ఉపసంహరించుకుంటున్నారు. మిగిలినవి రెండు విన్నపాలు. మూత మూసి సంచిలో పెడితే నిద్రపోయినట్టు నటిస్తూ, లోపల మేలుకుని మెయిళ్లు చూసుకునే అలవాటు తమరికి ఉంది. సంచి పొయ్యి అవుతోంది. అందుకని మూత వేయగానే హైబర్నేట్ చేసేలా సెట్టింగ్ మార్చారు, నొచ్చుకోవద్దు. పవర్ సెట్టింగులలో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి దించారు. ఆ ఒక్క శాతంతో టర్బో పరుగు ఆగి, వేగం 1.6 గిగాహెర్ట్జ్ దగ్గర నిలబడుతోంది. కొన్ని యంత్రాల్లో ఈ సెట్టింగ్ కనబడకుండా దాచేస్తున్నారు, దాన్ని బయట పెట్టించండి. త్రికోణమితి ప్రశ్నలు టైపు చేయడానికి 1.6 దండిగా సరిపోతుంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
అర్జీదారు

జతపరచినవి: ఫ్యానులోంచి తీసిన దుమ్ము, ఒక పొట్లం. షాపు రసీదులు రెండు. మొదటిది ఫార్మాట్‌కి, రెండోది బ్రష్‌తో దులిపి పేస్ట్ వేసినందుకు. రెండోదే చవక.