చేయి యెత్తుట వేరు, చేయుట వేరు

జెనీవా నగరమందలి ఐక్యరాజ్యసమితి సౌధములో, ఏటా మార్చి, జూన్, నవంబరు మాసములయందు, నానాదేశముల ప్రతినిధులు సమావేశమై, మోటారుబండి దీపము నేల కెంత యెత్తున నుండవలెనో, ప్రక్కయద్దములో వెనుకబండి యెంతమేర కనబడవలెనో, తలుపుగడియ యెంత బలముతో లాగినను ఊడక నిలువవలెనో, అత్యంత గాంభీర్యముతో చర్చించుచుందురు. సరిహద్దులను గూర్చి ఏనాడును ఏకాభిప్రాయమునకు రాని రాజ్యములు బ్రేకులను గూర్చియైనను ఒక్కచోట కూర్చుండి మాటలాడుకొనుట సంతోషింపదగిన విషయమే. అయితే ఆ సంతోషము నిలువవలెనన్న, ఒడంబడికల షరతులు చదువకుండుట మేలు.

ఒడంబడికలలో ముఖ్యమైనవి రెండు. మొదటిది 1958 మార్చి 20వ తేదీది, ఐరోపావారి బిడ్డ. ఒక సభ్యదేశపు ప్రభుత్వము పరీక్షించి ముద్రవేసిన దీపమును గాని టైరును గాని, అదే నిబంధనను పాటించు తక్కిన సభ్యదేశములు మరల పరీక్షింపక స్వీకరింపవలెనని దీని సారాంశము. ఐరోపా కారు దీపపుటద్దముపైకి కొంచెము వంగి చూచినచో ఆ ముద్ర కనబడును: చిన్న వలయము, అందులో ‘ఈ’ అను ఇంగ్లీషక్షరము, దాని సరసన నొక అంకె. ఒకటి జర్మనీది, రెండు ఫ్రాన్సుది, మూడు ఇటలీది, నలుబదిమూడు జపానుది. పది పూర్వము యుగోస్లావియాది. ఆ దేశము ముక్కచెక్కలై భూపటమునుండి తొలగినను, అంకె మాత్రము సెర్బియాకు పిత్రార్జితమువలె సంక్రమించినది. ఇక రెండవ యంకెను దక్కించుకొన్న ఫ్రాన్సు మహాశయుల ఐకమత్యము వినుడు. పొరుగువారి బండ్లన్నియు తెల్లదీపములతో తిరుగుచుండగా, 1993 వచ్చువరకు తమ క్రొత్తకార్లకు పసుపుపచ్చ దీపములే యుండవలెనని వారు భీష్మించుకొని కూర్చుండిరి. నచ్చని నిబంధనను ఆచరింపకుండుటకు సభ్యులకు హక్కున్నది మరి!

అమెరికా ఈ పంక్తిలో కూర్చుండనే లేదు. అచ్చటి శాసనము ప్రకారము, బండి నిబంధనలకు సరిపోయినదని దానిని చేసినవాడే తనకు తాను యోగ్యతాపత్రము వ్రాసికొనును. ప్రభుత్వము అమ్మకమైన పిమ్మట పరీక్షించి, లోపమున్నచో బండ్లను వెనుకకు రప్పించును. ముందే ముద్ర వేయుట ఐరోపా మతము, తరువాత పట్టుకొనుట అమెరికా మతము. అందువలననే కాబోలు, ఐరోపాలో కారు వెనుక ఇండికేటరు నారింజరంగున వెలుగకున్న అపరాధము, అమెరికాలో ఎర్రగా వెలిగినను నిరపరాధము. ఎవరు పట్టిన కుందేటికి వారు మూడేకాళ్ళు లెక్కించుచున్నారు.

ఈ భిన్నమతములకు సమన్వయము కుదుర్చుటకై 1998లో రెండవ ఒడంబడిక అవతరించినది. దీనిని వ్రాసినవారి చాతుర్యమునకు చేతులెత్తి మ్రొక్కవలెను. ఏ నిబంధనయైనను సర్వసమ్మతి చేతనే నెగ్గవలెను. ఒక్క దేశము కాదన్నను వీగిపోవును. బాగున్నది, అందరును ఔనన్నారు, పిమ్మట నేమి? ఔనన్న దేశము ఆ నిబంధనను ఇంటికి గొనిపోయి, తన శాసనప్రక్రియ ముందు పెట్టవలెను. పెట్టవలెను గాని, శాసనము చేసి తీరవలెనను నిర్బంధము లేదు. పిల్ల నచ్చినదని, జాతకములు కలసినవని తలలూపి, ఫలహారములు సుష్ఠుగా ఆరగించి, ‘ఇంటికి పోయి జాబు వ్రాయుదుము’ అని లేచిపోవు పెండ్లిచూపులవారి మర్యాద యిది. ఇట్టి మర్యాదలో ఆరేండ్లు గడచిన తరువాత, 2004 నవంబరులో, తొలి ప్రపంచనిబంధన వెలువడినది. బండి తలుపు దానంతటదియే తెరచుకొనరాదనునది అందలి విషయము.

మన దేశము 2006లో ఈ రెండవదానిలో చేరినది, మొదటిదానిలో చేరలేదు. మన ఎండలు వేరు, మన గోతులు వేరు, మన జేబులు వేరు అను వాదమున కొంత నిజము లేకపోలేదు. అయినను మన ప్రమాణపత్రములను విప్పి చూచినచో, పెక్కింట జెనీవా పాఠమే కనబడును. పాఠము దిగుమతియగును, ముహూర్తము మాత్రము స్వదేశీయము.

ఆ ముహూర్తమునకు వెల యున్నది. ద్విచక్రవాహనముల విద్యుద్బ్యాటరీల భద్రతను గూర్చిన జెనీవా నిబంధన, 136వది, 2016లోనే అమలులోనికి వచ్చినది. 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదులోను, విజయవాడలోను, ఇంటిలో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణములు పోయినవి. ఆ 136వ నిబంధన ఒరవడిలోనే మనవారు వ్రాసికొన్న ఏఐఎస్-156 అను ప్రమాణమును అటుపిమ్మట కట్టుదిట్టముచేసి, 2022 డిసెంబరు 1 నుండి ఒక దశగా, 2023 మార్చి 31 నుండి మరియొక దశగా అమలుపరచిరి. కావున స్కూటరు కొనబోవు పాఠకమహాశయులకు ఒక్క మనవి: బ్యాటరీ ఏ ప్రమాణమునకు, ఏ దశకు లోబడి తయారైనదో ముందడుగుడు, రంగులను గూర్చి తరువాత నడుగవచ్చును.