కిటికీకి వీపు, వేషానికి టోపీ

గురజాడ నాటకం ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలో తొలిసారి రంగమెక్కినప్పుడు అందులోని గిరీశం పాత్రకు కరెంటు దీపం లేదు, మైకూ లేదు.

ఇప్పుడు సెల్ఫ్ టేపుల కాలం, అంటే ఆడిషన్‌ను ఇంట్లోనే ఫోనులో తీసి పంపడం. ‘పలాస 1978’ సినిమాలో సిక్కోలు (శ్రీకాకుళం) యాస విన్న కుర్రాడు వేషం కోసం ఫోను ముందు నిలబడ్డాడు. వెలుగొచ్చే కిటికీకి వీపు పెట్టాడు, మొహం బదులు నీడ పడింది. పైన ఫాను గరగర. ఎదుటి పాత్ర డైలాగు చెప్పేది ఫోను పట్టుకున్న తమ్ముడు. హీరో కన్నా వాడి గొంతే ఖంగుమంది. మధ్యలో వంటింట్లోంచి, ‘ఏటిరా ఆ అరుపులు?’

బాబు మాత్రం రింగ్ లైటుకు అప్పు వెతుకుతున్నాడు!

కిటికీకేసి తిరిగితే వెలుగు ఉచితం. ఫాను ఆపితే కరెంటు ఆదా. ఫోను కంటి ఎత్తున, అడ్డంగా నిలబెట్టడానికి పాత ఇంటర్ పుస్తకాలు చాలు. వాటికీ ఇన్నాళ్లకు పని దొరుకుతుంది.