నలభై ఎనిమిది తలపాగాలు

నేను చేసిన ఒక తెలివితక్కువ పని గురించి రాస్తున్నాను. రాయకపోతే దాన్ని పట్టుకునేవాళ్లు ఎవరూ లేరు. ఆ బొమ్మలు చూసినవాళ్లంతా బాగున్నాయనే అన్నారు. ఒక్క మా నాన్నే ఆ పైన ఒక ప్రశ్న అడిగారు.

ఉద్యోగం మీద ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌కు వచ్చి పదకొండేళ్లయింది. బొమ్మలతో యుద్ధాలాడే పెద్దవాళ్లుంటారని ఇక్కడికి వచ్చేదాకా నాకు తెలియదు. ఆరడుగుల బల్ల మీద పచ్చ గుడ్డ పరుస్తారు. గుట్టలూ ఏర్లూ అమర్చి, బొటనవేలిలో సగం ఉండే సైనికులను వరసలు కట్టిస్తారు. టేపుతో కొలిచి నడిపి, పాచికలు వేసి గెలుపోటములు తేల్చుకుంటారు. ఇది నిన్నమొన్నటి వేడుక కాదు. హెచ్.జి. వెల్స్ 1913లోనే ఈ ఆటకు నియమాలు కట్టి ‘లిటిల్ వార్స్’ అని పుస్తకం వేశాడు. ఇక నాటింగ్‌హామ్ అయితే ఈ బొమ్మలకు పుట్టిల్లే. వార్‌హామర్ చేసే గేమ్స్ వర్క్‌షాప్ ప్రధాన కార్యాలయం ఇక్కడి లెంటన్‌లోనే ఉంది. చుట్టుపక్కల చిన్న చిన్న బొమ్మల కంపెనీలు ఎన్నో. లోహపు బొమ్మలు పోతపోసేవాళ్లు ఇంతమంది ఒకచోట ఉండబట్టి ఈ ప్రాంతానికి ‘లెడ్ బెల్ట్’ అని, అంటే సీసపు సీమ అని పేరు పడింది.

ఆఫీసులో ఒక పెద్దాయన నన్ను తన క్లబ్బుకు తీసుకెళ్లాడు. మొదటి రోజు నేను ఆడలేదు, బొమ్మలే చూస్తూ కూర్చున్నాను. ఒక్కో బొమ్మ 28 మిల్లీమీటర్లు. దాని కోటు మడతలో నీడ ఉంది, బూటు అంచున మట్టి ఉంది, కంట్లో నల్లగుడ్డు ఉంది. ఇంటికొచ్చాక నిద్రపట్టలేదు. వారం తిరక్కుండా కుంచెలు, రంగు సీసాలు, సన్నటి కత్తి, చేత్తో తిప్పే చిన్న డ్రిల్లు కొనుక్కొచ్చాను.

కొన్న బొమ్మకు రంగులు వేసుకుని ఆడుకుంటే ఆడుకోవచ్చు. కానీ ఈ పనిలో అసలు రుచి కన్వర్షన్‌లో ఉంది. ఒకడి చెయ్యి తీసి ఇంకొకడికి అతికించడం, లేని తోలుసంచి తగిలించడం, ఉన్న టోపీ చెక్కేసి వేరే తల పెట్టడం. అంగట్లో దొరికే మనిషిని మనక్కావలసిన మనిషిగా మార్చుకోవడం అన్నమాట. నాకు కావలసిన మనిషి ఎవరో నాకు ముందే తెలుసు. మద్రాసు సిపాయి.

దానికి కారణం ఒక మాట. ఉత్తర హిందుస్తానంలో సిపాయిని ‘తిలంగా’ అనేవాళ్లు. ఈస్టిండియా కంపెనీ కొలువులో తొలితరం సిపాయిలు తెలుగు సీమ నుంచి పోబట్టి ఆ పేరు నిలిచింది. 1857లో ఢిల్లీలోకి వచ్చిన సిపాయిలకు తెలుగు నేలతో సంబంధం లేకపోయినా ఊళ్లోవాళ్లు వాళ్లనూ తిలంగాలే అన్నారు. ఈ సంగతి చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. మా వైపు వాళ్ల పేరు అంత దూరం ఎర్రకోటు మీదెక్కి పోయిందా అనుకున్నాను. వాళ్లు ఎవరి కోసం పోరాడారు, ఎవరి మీద పోరాడారు అన్నది బరువైన ప్రశ్నే. దాన్ని నేను దాటవేయడం లేదు. కానీ ఆ మనుషులు ఉన్నారు, చచ్చిపోయారు. ఇక్కడి బల్లల మీద నెపోలియన్ గార్డులూ ప్రష్యన్లూ వందల కొద్దీ ఉంటే మన సిపాయి ఒక్కడూ కనపడకపోవడం నాకు నచ్చలేదు.

అస్సాయే యుద్ధం ఎంచుకున్నాను. 1803 సెప్టెంబరు 23. తర్వాత వాటర్‌లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ అప్పటికి ఆర్థర్ వెల్లెస్లీ మాత్రమే. కైత్నా నది దాటి సింధియా, భోంస్లేల సైన్యం మీద పడ్డాడు. 98 ఫిరంగులు చేజిక్కాయి. కంపెనీ వైపు చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి పదిహేను వందలు దాటారు. ఆ లెక్కలో స్కాట్లండు పటాలాలతో పాటు మద్రాసు సిపాయిలూ ఉన్నారు. వాళ్లలో 4వ రెజిమెంటు మొదటి బెటాలియన్ నాది అని నిర్ణయించుకుని 48 బొమ్మలు చేయడానికి కూర్చున్నాను.

నెపోలియన్ కాలపు బ్రిటిష్ పదాతి ప్లాస్టిక్ బొమ్మలు తెచ్చాను. ఎర్రకోటు, అడ్డబెల్టులు, తుపాకీ అవే పనికొస్తాయి. మద్రాసు సిపాయికి పంట్లాం ఉండదు, తొడ దాకా తెల్లటి పొట్టి లాగు. కాబట్టి మోకాళ్ల కింద మడతలన్నీ కత్తితో గీకి పిక్కలు తేల్చాలి. ఒక్కో కాలికి పావుగంట పట్టింది. లాగు అంచూ, తలపాగా గ్రీన్ స్టఫ్‌తో చేయాలి. అది నీలం, పసుపు రెండు పట్టీలుగా వస్తుంది. రెంటినీ సమంగా తుంచి వేళ్ల మధ్య పిసికితే పచ్చబడుతుంది. అక్కడి నుంచి గంట, గంటన్నర మన చెప్పుచేతల్లో ఉంటుంది, మర్నాటికి రాయి. వేలికీ పనిముట్టుకీ తడి ఉండాలి, లేకపోతే జీడిలా పట్టుకుని వదలదు. చేగోడీల పిండిని అరచేతి కింద దొర్లించినట్టు దాన్ని దారంలా దొర్లించి, తల చుట్టూ చుట్టి, ఆరకముందే సూదితో గుడ్డ ముడతలు గీయాలి.

తప్పు అక్కడ జరిగింది.

ప్లాస్టిక్ తలలకు బ్రిటిష్ షాకో ఉంది. పొయ్యి గొట్టంలా నిటారుగా లేచే టోపీ. ముందు వైపు తోలు బిళ్ళ, దాని మీద తురాయి. పద్ధతిగా చేసేవాడు ఆ టోపీ మొత్తం కోసేసి ఖాళీ తల మీద పాగా చుట్టుకొస్తాడు. నాకు అన్ని టోపీలు కోయడం దండగ అనిపించింది. షాకోను లోపల అచ్చుగా ఉంచి దాని చుట్టూ గ్రీన్ స్టఫ్ చుట్టాను. ముందున్న తోలు బిళ్ళ, తురాయి చక్కగా ఉన్నాయి కదా అని వాటిని కప్పకుండా వదిలేశాను. పాగా గట్టిగా, ఎత్తుగా, దొరల టోపీకి గుడ్డ చుట్టినట్టు వచ్చింది. ఎప్పుడో చూసిన ఒక పాత సిపాయి చిత్రంలాగే ఉందని సంబరపడ్డాను. ఆ చిత్రం ఏ సంవత్సరానిదో ఒక్కసారి కూడా చూడలేదు. పుస్తకాలు ఇంట్లోనే ఉన్నాయి. తీయలేదు. చేతికి పని దొరికితే కళ్లకు చదివే ఓపిక ఉండదు, నాకు ఉన్న జబ్బు అదే.

రంగులు వేయడానికి నాలుగు నెలలు పట్టింది. 48 మొహాలకూ ఒకే సీసా గోధుమరంగు, దాని మీద ఒకే నీడ. 48 మీసాలూ ఒకే గీత. మీసం ఒకేలా రావడం చెయ్యి తిరిగినదానికి గుర్తు అనుకున్నాను. కోటు బొత్తాలు ఒక్కొక్కటే వేశాను, మీద వెండి చుక్క, కింద నల్ల చుక్క. తోలు బిళ్ళలకైతే నల్లరంగు మీద సన్నటి బూడిదరంగు గీత లాగి, నిజం తోలులా నిగనిగలాడించాను. వాటి మీద గడిపినంత సేపు ఏ మొహం మీదా గడపలేదు.

క్లబ్బులో బల్ల మీద పెట్టిన రోజు అందరూ మూగారు. పెద్దాయన కళ్లద్దాలు పైకెత్తుకుని ఒక బొమ్మను దగ్గరగా పట్టుకుని, తోలు తోలులాగే ఉందన్నాడు. ఆ రాత్రి ఫొటోలు విజయనగరంలో నాన్నకు పంపాను. మర్నాడు ఫోను చేశారు.

“బాగున్నాయిరా. మొకాలు బోడిగా ఉన్నాయేట్రా? బొట్లేవి?”

“28 మిల్లీమీటర్ల బొమ్మ నాన్నా. నుదురు చూపుకే ఆనదు, బొట్టెలా పెట్టను?”

“బొత్తాలెలా కనపడతన్నాయిరా మరి?”

నేను నవ్వేసి మాట మార్చాను. ఆయన మళ్లీ అడగలేదు.

ఏడాది దాటాక, వేరే యుద్ధం కోసం విల్సన్ రాసిన మద్రాసు సైన్య చరిత్ర తిరగేస్తుంటే వేలూరు తిరుగుబాటు దగ్గర ఆగిపోయాను. బళ్లో చదువుకున్నదే: 1806 జూలై 10, తెల్లవారకముందే సిపాయిలు లేచారు, ఆర్కాటు నుంచి గిలెస్పీ గుర్రపు దళంతో వచ్చి అణిచేశాడు. కానీ దానికి కారణమైన ఉత్తర్వులో ఏముందో ఎప్పుడూ సరిగా చదవలేదు. మద్రాసు సేనాపతి సర్ జాన్ క్రాడక్ హయాంలో సిపాయిలకు కొత్త తలపాగా వచ్చింది. పేరుకు పాగా, చూపుకు దొరల టోపీ. ముందు తోలు బిళ్ళ, తురాయి. దానితో పాటు మరికొన్ని కట్టడులు: యూనిఫాంలో ఉన్న సిపాయి కులం తెలిపే బొట్టు పెట్టకూడదు, చెవిపోగులు పెట్టకూడదు, గడ్డం నున్నగా గీయాలి, మీసం వీలైనంత వరకు అందరికీ ఒకే తీరుగా ఉండాలి.

పుస్తకం బల్ల మీద పెట్టి అల్మారా వైపు చూశాను. గాజు తలుపు వెనక 48 మంది నిలబడి ఉన్నారు. టోపీ లాంటి పాగా. తోలు బిళ్ళ. బోడి నుదురు. పోగులు లేని చెవులు. నున్నటి గడ్డం. ఒకే తీరు మీసం. క్రాడక్ రాయించిన ఉత్తర్వును, రెండు వందల ఏళ్ల తర్వాత, అక్షరం పొల్లుపోకుండా అమలు చేసినవాణ్ణి నేను.

సంవత్సరం తప్పిందన్న బాధ చిన్నది. 1803 నాటి మనిషికి ఆ తర్వాతి పాగా పెట్టడం ఈ పనిలో చాలామంది చేసే పొరపాటే, దిద్దుకుంటే పోతుంది. నన్ను కుదిపేసింది ఆ పాగా ఏ పాగా అన్నది. టోపీ పెట్టినవాడు తెల్లవాడి మతంలో కలిసినట్టేనని ఆ సిపాయిలు భయపడ్డారు. ఆ తోలు ఏ జంతువుదోనని అసహ్యించుకున్నారు. 1806 మేలో వేలూరులో దాన్ని పెట్టుకోమని మొరాయించింది 4వ రెజిమెంటు రెండో బెటాలియన్. నేను అస్సాయేలో నిలబెట్టింది అదే రెజిమెంటు మొదటి బెటాలియన్‌ను. మొరాయించినవాళ్లను పట్టుకుని విచారించి, కొరడా దెబ్బలు శిక్ష వేశారు. జూలైలో కోట తిరిగి వశమయ్యాక వందల మంది సిపాయిలను చంపారు. గిలెస్పీ వెంట ఆర్కాటు నుంచి వచ్చింది 19వ లైట్ డ్రాగూన్లు. మూడేళ్ల కిందట అస్సాయేలో మద్రాసు సిపాయిల పక్కన పోరాడిన గుర్రపు దళం అదే. నా అల్మారాలో ఆ డ్రాగూన్లూ ఉన్నారు, పై అరలో.

వాళ్లు ప్రాణం పోయినా పెట్టుకోమన్నదాన్ని, వాళ్ల మీద ప్రేమతో చేస్తున్నానని చెప్పుకుంటూ, నేను వాళ్ల తలకు రాయిలా అతికించాను. అది కూడా దేనికోసం? టోపీలు కోసే శ్రమ తప్పించుకోవడానికి. బొట్టు మాట నాన్న అడిగినప్పుడైనా ఆగి ఉండాల్సింది. మా నాన్న చరిత్ర చదువుకున్నాయన కాదు. మా ఊరి మనిషి మొహం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు, నేను మరిచిపోయాను.

దిద్దడం మొదలుపెట్టాను. గట్టిపడ్డ గ్రీన్ స్టఫ్ ఏ ద్రావకానికీ సులువుగా లొంగదు, లొంగేలోపు ప్లాస్టిక్ పాడవుతుంది. కత్తే గతి. కనుబొమల మీదుగా, షాకోతో సహా, పొర పొరగా చెక్కేయాలి. రెండో వారంలో కత్తి జారి బొటనవేలు తెగింది, పది రోజులు పని ఆగింది. తల బోడి చేశాక చిన్న ఉండ పెట్టి, అది ఆరాక దాని మీద సన్నటి పట్టీలు ఒకదాని మీద ఒకటి వాలుగా చుట్టుకొచ్చాను. గుడ్డ చుట్టలు కనపడాలి, ఇద్దరి చుట్టు ఒకలా ఉండకూడదు. కొందరికి చెవి తమ్మె దగ్గర ఆవగింజలో పాతిక వంతు ఉండ పెట్టి నొక్కాను, అది పోగు.

బొట్టు దగ్గర చాలా రోజులు పట్టింది. పాగా అంచుకూ కనుబొమకూ మధ్య ఒక మిల్లీమీటరు కూడా లేదు. అతి సన్నటి కుంచె కొన్నాను, అది పనికిరాలేదు. అంత చిన్న కుంచెలో రంగు నిలవదు, మొహం దాకా వెళ్లేలోపే కొసన ఆరిపోతుంది. చివరికి మొన బాగున్న మామూలు ఒకటో నంబరు కుంచే దారికొచ్చింది. రంగులో నీళ్లు మరీ ఎక్కువ కాకుండా, కొసను బొటనవేలి గోరు మీద ఒకసారి తాకించి, ఊపిరి బిగబట్టి ఒక్కసారి ఆనించాలి. వైష్ణవుడికి నిలువుగా తెల్ల గీత, మధ్యన ఎర్ర చుక్క. శైవుడికి అడ్డంగా విభూతి. ముసల్మాన్లకు నుదురు ఖాళీ, గడ్డం ఉంది. ఒకడికి మీసం మెలి తిరిగింది, ఒకడికి పండింది, ఒకడికి ఇంకా రాలేదు. ఒకే సీసా గోధుమరంగు పక్కన పెట్టి ఐదారు ఛాయలు కలిపాను. మొదటి పన్నెండు మంది అయ్యేసరికి నాకు వాళ్లను విడివిడిగా గుర్తుపట్టడం వచ్చింది.

ఈ పని చేసే తెలుగు పిల్లలు హైదరాబాదులోనూ అమెరికాలోనూ ఇప్పుడు కొందరున్నారు. వాళ్లకు ఒక్క మాట. మన మనుషులను చేస్తే చెయ్యండి, తప్పక చెయ్యండి. గ్రీన్ స్టఫ్ పిసకడానికి ముందు సంవత్సరం చూసుకోండి. బొత్తాలకు ముందు నుదురు వెయ్యండి. ఇంట్లో పెద్దవాళ్లు ఒక మాట అడిగితే పని ఆపి వినండి.

నిన్నటికి ముప్ఫై ఒక్కరు పూర్తయ్యారు. ఫొటో నాన్నకు పంపాను. మిగతా పదిహేడు మందివి ఎప్పటికవుతాయని అడిగారు. సంక్రాంతికి అని చెప్పాను.